రెండున్నర అంగుళాల రికార్డు గది

దివ్యాంగుల ఉపకరణాల జిల్లా కార్యాలయంలో రికార్డు గది కూలిపోయిన సంగతి ఆ శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు సీనియర్ అసిస్టెంటు జామి సంగమేశం ఒక్కడికే తెలిసింది. గది అతని బల్ల మీదే ఉంది. కూలేటప్పుడు దుమ్ము లేవలేదు, ఇటుకలు రాలలేదు. టిక్కు టిక్కుమని కాసేపు చప్పుడైంది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి కూర్చుంది, అంతే.

విషయం తెలియనివాళ్లు దాన్ని ల్యాప్‌టాప్ అంటారు. పదేళ్ల కిందటిది. మూతకు ఒక పక్క కీలు ఊడిపోతే సంగమేశం రబ్బరు బ్యాండు వేసి నిలబెట్టాడు. ప్లగ్గు పీకితే పట్టుమని పది నిమిషాలు బతకదు. అయినా పాపం, ఆవు ముసలిదైనా పాలిస్తున్నన్నాళ్లూ ఆవే కదా అని అతను దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ నెట్టుకొచ్చాడు.

అది రికార్డు గది ఎప్పుడైందో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. కాగితం లేని పాలన అనే సంబరం ఒకటి అప్పట్లో రాజధానిలో పుట్టి జిల్లాల మీదికి వచ్చింది. ఆ సంబరంలోంచి ఒక సర్క్యులర్ ఊడిపడింది. 'ఇకమీదట ప్రతి కార్యాలయపు ల్యాప్‌టాప్ నందు గల హార్డ్ డిస్క్‌ను రికార్డు గదిగా పరిగణించవలెను. రికార్డు గదుల నిర్వహణ నియమావళి దీనికిని యథాతథముగా వర్తించును' అని అందులో ఉంది. కాగితం వద్దనే ఆ సర్క్యులర్ తొమ్మిది కాగితాల మీద, మూడు ప్రతుల్లో వచ్చింది.

కార్యాలయపు అధికారి ముక్కామల దక్షిణామూర్తి గారు దాన్ని కళ్లకద్దుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా కాఫీ కూడా ఊరికే తాగి ఎరగరు. నియమావళి తప్ప వేరే లోకం లేదు, అదొక్కటే ఆయన జబ్బు. పాత రికార్డు గదిలోని కట్టలన్నీ ఆవరణలో పోగేయించి తగలబెట్టించారు. మంట ముందు నిలబడి సిబ్బందితో ఫోటో దిగారు. ఖాళీ అయిన గదిని తన భోజనాల గదిగా చేసుకున్నారు. పనికొచ్చేవి ఓ పెన్ డ్రైవ్‌లో ఇంకో ప్రతి దాచుకుందామని సంగమేశం అడిగితే ఆయన ఇరవై రెండో నియమం చూపించారు. ఒకే రికార్డు రెండు గదులలో ఉండరాదు.

ఇప్పుడా గదిలో నలభై ఇద్దరి కొలతలున్నాయి. మోకాలి కింద ఎంత మిగిలింది, దాని చుట్టుకొలత ఎంత, రెండో పాదం పొడవెంత అని ఒక్కొక్కరికి మూడు అంకెలు. ఇరవై అయిదో తారీకున పెట్టుడు కాళ్ల నిపుణులు వస్తారు, శిబిరం పెడతారు. కొలతల జాబితా రికార్డు గది నుంచి ధ్రువీకరించి ఇస్తే కాళ్లు చేసి తొడిగి వెళతారు. ఇవ్వకపోతే ఊరికే వెళతారు, మళ్లీ ఏడాదికిగానీ రారు. ఆ రోజు నాలుగో తారీకు.

ముందుగా సంగమేశం చేసిన పని బస్సు కాంప్లెక్సు ఎదుట ల్యాప్‌టాప్‌లు బాగుచేసే యాసీన్‌కు ఫోను చేయడం.

"ఫోను దాని వీపు దగ్గర పెట్టండి సార్" అన్నాడు యాసీన్. పెట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు.

"హార్డ్ డిస్క్ పోయింది సార్. లోపల ముల్లు పళ్లాన్ని గీకేస్తంది. ఇంక దాన్ని ఆన్ చెయ్యకండి. అందులో ఉన్నవి వస్తాయని నేనయితే మాటివ్వను. కొత్తది పెట్టడం మాత్రం ఎంతసేపు, కింద ఎనిమిది స్క్రూలుంటాయి. పాతది లాగి కొత్తది తోస్తే పది నిమిషాలు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఇంకో అరగంట. కొత్తవాటికి తిరిగే చక్రాలుండవు సార్, మీ ముసలిది మళ్లీ పరిగెడతాది. తీసుకురండి."

తీసుకెళ్లడం ఎలా? పైవారి అనుమతి లేకుండా రికార్డు గదిని అడుగైనా కదపరాదు, అది ఆరో నియమం. సంగమేశం మూత మూసి, మేడ దిగి, గేటు దగ్గరున్న పైడమ్మ టీ బడ్డీకి వెళ్లాడు.

నలభై ఇద్దరిలో పైడమ్మ ఒకతె. ఆరేళ్ల కిందట ఆటో మలుపులో పల్టీ కొట్టి ఎడమకాలు మోకాలి కింద పోయింది. చంకకర్ర ఊతంతోనే టీ కాచేది, గ్లాసులు కడిగేది. మేడ మీదికి టీలు మాత్రం సంగమేశమే పట్టుకెళ్లేవాడు. పదిహేడు మెట్లు, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పళ్లెం అంటే ఆమె వల్ల కాదు. బడ్డీకి మూడు పక్కల రేకులు, పైన రేకు, వెనక మాత్రం కార్యాలయం ప్రహరీ గోడే. ఆ గోడ మీద బొగ్గుతో రాసిన పేర్లు, అంకెలు ఇంకా ఉన్నాయి. కొలతలు తీసిన రోజున కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ పది నిమిషాలకే కన్నుమూసింది. కొలిచేవాళ్లు చెబుతూ పోతుంటే సంగమేశం బొగ్గుముక్క అందుకుని గోడ మీద రాసేశాడు. సాయంత్రం కరెంటు వచ్చాక చూసి ఎక్కించాడు. మనుషుల పేర్లు చెరపడం మంచిది కాదని పైడమ్మ తుడవలేదు.

సంగతి విని ఆమె టీ వడగట్టడం ఆపింది.

"అయితే నా కాలు ఆ డబ్బాలో ఇరుక్కుపోనాదేటి బాబూ?"

"నీ ఒక్కదానిదే కాదు, నలభై ఇద్దరివీ."

"గోడ మీద ఉన్నాయి కదా, సూసి రాసీండి."

"గోడ రికార్డు కాదు పైడమ్మా."

"మరి రికార్డంటే ఏటి?"

"ఇప్పుడు పాడైపోయిందే, అదే రికార్డు."

పైడమ్మ మిగిలిన టీ వడగట్టింది. "సదూకున్నోళ్ల మాట మాకు తెల్దులెండి" అని టీ ఇచ్చింది. ఆ మాట సంగమేశానికి గుచ్చుకుంది. ఆరేళ్లుగా ఆమె దరఖాస్తులన్నీ రాసిపెట్టింది తనే. ఈసారి కాలు తప్పకుండా వస్తుందని ప్రతి ఏడూ చెప్పిందీ తనే.

దక్షిణామూర్తి గారు నివేదిక నిలబడే విన్నారు.

"పోయినది అనగా చోరీయా?"

"కాదు సార్, పాడైంది."

"రికార్డు గది పాడగుట అన్నది నియమావళిలో లేదు. అగ్నికి ఆహుతియగుట ఉన్నది. వరదలో మునుగుట ఉన్నది. కూలుట ఉన్నది. ఇందులో ఏది?"

సంగమేశం కొంచెం తటపటాయించి, "కూలింది సార్" అన్నాడు.

"సరే. కూలిన సమయమున లోపల ఎవరైనా ఉండిరా?"

"నలభై ఇద్దరున్నారు సార్."

అధికారి కలం ఆగింది. "పేర్లు?"

"పేర్లు కూడా లోపలే ఉండిపోయాయి సార్."

నివేదిక ఆ సాయంత్రమే కలెక్టరేటుకు వెళ్లింది. 'రికార్డు గది ఆకస్మికముగా కూలినది. లోపల నలుబది ఇద్దరు ఉన్నట్లు సీనియర్ అసిస్టెంటు వాంగ్మూలము. పేర్లు తెలియరాలేదు' అని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకల్లా రెండు అంబులెన్సులు, ఒక తవ్వే యంత్రం, టోపీలు పెట్టుకున్న ఇరవై మంది గేటు ముందుకు వచ్చారు. యంత్రం నడిపే అతను కిందికి దిగి మేడను అటూ ఇటూ చూశాడు. అది నిక్షేపంగా ఉంది.

"కూలిపోయిన గది ఎక్కడమ్మా?" అని పైడమ్మను అడిగాడు.

"మేడ మీద బల్ల మీదున్నాది బాబూ. అంత పెద్ద బండి ఎందుకు, ఒక మనిసి సంకన ఎట్టుకుని తెచ్చెయ్యొచ్చు."

వాళ్లంతా టీ తాగి వెళ్లిపోయారు. అయితే వచ్చిన పని జరగనట్టు రాస్తే తప్పవుతుంది కనుక 'శిథిలములు పరిశీలించితిమి, క్షతగాత్రులు లేరు' అని రాసి సంతకాలు పెట్టారు. ఆ కాగితం చూసి దక్షిణామూర్తి గారు ఊపిరి పీల్చుకున్నారు.

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనడం ఒక ఎత్తు. ఆ దూడకు పాకెంత కావాలో కొలిచి రమ్మనడం ఇంకొక ఎత్తు. కొత్త రికార్డు గది కట్టాలంటే భవనాల శాఖ అంచనా వేయాలి. ఆ శాఖ ఇంజినీరు త్రినాథరావు గారు పదో తారీకున టేపు పట్టుకుని వచ్చారు. గదిని కదపరాదు కనుక యాసీన్‌నే, అనుమతితో, మరమ్మతుదారు హోదాలో అక్కడికి పిలిపించారు. అతను బోర్లించిన ల్యాప్‌టాప్ స్క్రూలు విప్పి, చిన్న మూత తీసి, నల్లటి బిళ్ల ఒకటి బయటికి లాగి బల్ల మీద పెట్టాడు.

ఇంజినీరు గారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు. చుట్టూ తిరగడానికి బల్ల చుట్టూ తిరగవలసి వచ్చింది.

"పొడవు పది సెంటీమీటర్లు, వెడల్పు ఏడు. ప్లింత్ ఏరియా డెబ్బై చదరపు సెంటీమీటర్లు. ఎత్తు ఏడు మిల్లీమీటర్లు. పైకప్పు బాగా కిందికుంది. మనిషి నిలబడలేడు."

"పడుకోలేడు కూడా సార్" అన్నాడు యాసీన్.

"ఈ మూలల్లో నల్లగా ఉన్నవి ఏమిటి?"

"రబ్బరు ముక్కలు సార్. అదురుకి కదలకుండా."

ఇంజినీరు గారు మెచ్చుకుని 'భూకంప నిరోధక పునాది' అని రాసుకున్నారు. తరవాత యాసీన్ కొత్తది చూపించాడు. దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం మాడిపోయింది. నగల కొట్టు నుంచి తక్కెడ తెప్పించారు. పాత గది నూట పది గ్రాములు, కొత్త గది నలభై.

"సగం కూడా లేదు. మెటీరియల్ అంతా ఎక్కడికి పోయింది? సిమెంటు ఎంత కలిపారయ్యా?"

"ఇందులో తిరిగే చక్రాలుండవు సార్, అందుకని తేలిక. ఎక్కువ మన్నుతాది."

"తేలికైనది ఎక్కువ మన్నడం నా పాతికేళ్ల సర్వీసులో చూడలేదు" అన్నారు ఇంజినీరు గారు. నాణ్యతా విభాగానికి రాశారు. వాళ్లు దానిమీద ఒక ఇటుక పెట్టి చూసి, పగలలేదని సర్టిఫికెట్ ఇచ్చేసరికి పద్నాలుగో తారీకు వచ్చింది.

తరవాత అగ్నిమాపక శాఖ. రికార్డు గదికి రెండు ద్వారాలు ఉండాలి. దీనికి ఒక పక్కన సన్నటి పళ్లలాంటి అమరిక ఒకటే ఉంది. ప్రమాదం జరిగితే రికార్డులు ఏ దారిన బయటికి వస్తాయని అడిగారు. వచ్చిన దారినే వస్తాయని యాసీన్ అంటే ఆ సమాధానం బాధ్యతారహితంగా ఉందని కాగితం మీద రాశారు. చివరికి గది ముందు రెండు ఇసుక బకెట్లు పెట్టాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. సంగమేశం బల్ల మీద ఆ రెండు బకెట్లూ పెట్టాక అతను పని చేసుకోవడానికి చోటు లేకపోయింది. పని కూడా లేదు కనుక అతను ఏమీ అనలేదు.

పదిహేడో తారీకున అతను నియమావళి పుస్తకం చంకన పెట్టుకుని బడ్డీకి వచ్చాడు. ఎలా చూసినా కొత్త గది ఇరవై రెండుకు ముందు రాదు, వచ్చినా అది ఖాళీగా ఉంటుంది. శిబిరం పోయినట్టే. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియక పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు.

"ఏటి సదువుతన్నారు? పైకి సదవండి, నానూ ఇంటాను" అంది పైడమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

ఏం తోచక చదవడం మొదలుపెట్టాడు. రెండో నియమం, కిటికీలు. మూడు, రికార్డు గదియందు భుజించుట నిషిద్ధము. నాలుగు, సంరక్షకుని లిఖితపూర్వక అనుమతి లేనిదే లోనికి ఎవరును ప్రవేశించరాదు. తొమ్మిది, ప్రతి తనిఖీకి ముందు రికార్డు గదికి సున్నము వేయవలెను. పైడమ్మ పురాణం విన్నట్టు ఊకొడుతూ వింది. పదిహేడో నియమం వచ్చింది. 'రికార్డు గది కూలిన యెడల, లభ్యమైన రికార్డును సమీపమున గల కప్పు గల గదిలో ఉంచవలెను. సదరు గదిలో వృత్తి నిర్వహించు వ్యక్తిని తాత్కాలిక సంరక్షకునిగా పరిగణించవలెను.'

"ఆగండాగండి. కప్పున్న గదంటే, మా బడ్డీకీ కప్పున్నాది కదేటి?" అంది పైడమ్మ. రేకు వైపు చూసింది, తరవాత గోడ వైపు చూసింది.

సంగమేశం కూడా గోడ వైపు చూశాడు. చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రం అతను పెట్టిన నోట్ ఫైలును దక్షిణామూర్తి గారు రెండుసార్లు చదివారు. ఇంకొకడైతే టీ బడ్డీ ఏమిటి, రికార్డు గది ఏమిటి అని ఫైలు విసిరికొట్టేవాడు. ఆయన అలా చేయలేరు. నియమం ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వెళ్లడమే ఆయనకు తెలుసు.

"సమీపమున గల గది నా భోజనాల గది కదా?"

"అక్కడ భుజిస్తారు సార్. మూడో నియమం."

"బడ్డీలో?"

"తాగుతారు సార్. తాగడం నిషేధమని ఎక్కడా లేదు."

"బిస్కెట్లు, బజ్జీలు?"

"ఇవాళ నుంచి మానేస్తుందట సార్."

మానేసింది కూడా. బిస్కెట్ సీసాలు మూడూ, బజ్జీల మూకుడూ ఇంటికి పంపేసింది. ఇంజినీరు గారు మళ్లీ టేపు తెచ్చి, కూలిన గదికీ బడ్డీకీ దూరం ముప్పై ఒక్క మీటర్లు అని, వెనక గోడ ప్రభుత్వానిదే అని రాసిచ్చారు. మర్నాడు ఉత్తర్వు వెలువడింది. 'లభ్యమైన రికార్డు: బొగ్గు రాత, గోడ ఒకటి. సంరక్షకురాలు: శ్రీమతి పైడమ్మ.' నెల కిందట ఇదే సంతకంతో ఆ బడ్డీ ఖాళీ చేయాలని నోటీసు వచ్చింది. ఆ నోటీసు మీదే ఆమె టీ గిన్నె దించుకునేది. సంగమేశం కొత్త ఉత్తర్వును గోడకు మేకు కొట్టి తగిలించాడు.

ఇక శిబిరంవాళ్లది ఒకే షరతు. ధ్రువీకరించిన జాబితాను వాళ్లు స్వయంగా వచ్చి అసలు రికార్డుతో సరిపోల్చుకుంటారు, తేడా లేకపోతేనే తీసుకుంటారు. అసలు గోడ మీదుంది. ఇరవై అయిదు దాకా గోడను కాపాడితే చాలు.

ఇరవై రెండున కొత్త రికార్డు గది ప్రారంభమైంది. పని జరుగుతున్న చోట శిరస్త్రాణం తప్పనిసరి కనుక యాసీన్ తలకు పసుపుపచ్చ టోపీ పెట్టారు. సంగమేశం బల్లకు నాలుగు పక్కలా తాడు కట్టి 'పనులు జరుగుచున్నవి, నిదానముగా వెళ్లుడు' అని బోర్డు పెట్టారు. యాసీన్ టోపీ సర్దుకుని, కొత్త బిళ్లకు పాతదాని రబ్బరు ముక్కలు తొడిగి, అమరికలో తోసి, స్క్రూలు బిగించాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది. దక్షిణామూర్తి గారు గడియారం చూసుకుని, కట్టడం ఇంత త్వరగా ముగియుట అనుమానాస్పదమని సంజాయిషీ అడిగారు.

ల్యాప్‌టాప్ మాత్రం నిజంగానే పడుచుదైంది. మీట నొక్కిన అరనిమిషంలో తెర వెలిగింది. సంగమేశం ఆనందంతో బడ్డీకి పరుగెత్తి గోడ మీది పేర్లు రాసుకొచ్చి ఎక్కించబోతే అధికారి చెయ్యి అడ్డం పెట్టారు. కొత్త గదిని జాయింట్ డైరెక్టరు గారు తనిఖీ చేసి, ప్రవేశ ధ్రువపత్రం ఇచ్చేదాకా, అంటే ఇంకో నెల దాకా, అందులో ఏ రికార్డూ పెట్టకూడదు.

"తనిఖీ ఎప్పుడు సార్?"

"ఇరువది నాలుగున. ఈలోగా అన్ని రికార్డు గదులకును సున్నము వేయించవలెను. తొమ్మిదో నియమము."

అన్ని రికార్డు గదులకు అన్న మాట సంగమేశం చెవిలో ఆలస్యంగా మోగింది.

ఇరవై మూడు పొద్దున సున్నం వేసే అతను బకెట్‌తో మేడ ఎక్కాడు. ల్యాప్‌టాప్ మూత మీద కుంచెతో రెండు పూతలు పూసి, కింద సున్నం కారకుండా వేలితో తుడిచి, ఇది ఆరాక మూడో పూత కావాలా అని అడిగాడు. వద్దన్నారు. బకెట్ పట్టుకుని మెట్లు దిగి బడ్డీ వైపు నడిచాడు. వెనకే దక్షిణామూర్తి గారు, ఆయన వెనక సంగమేశం.

ఫోనులో గోడ ఫోటో తీస్తేనో అనుకున్నాడు సంగమేశం. కానీ సరిపోల్చడానికి అసలు లేకపోతే ఫోటో ఒట్టి బొమ్మ. ముప్పై ఏళ్ల సర్వీసులో అతను పైవారికి ఎదురుచెప్పింది లేదు. ఇవాళ చెప్పాలనుకున్నాడు, చెప్పకుండానే వెనక నడిచాడు. దానికి తనమీద తనకే అసహ్యం వేసింది.

పైడమ్మ బడ్డీ గుమ్మానికి అడ్డంగా చంకకర్ర పెట్టి, రేకును పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఎక్కడికి బాబూ?"

"సున్నం ఎయ్యాలమ్మా" అన్నాడు అతను.

"ఎయ్యొచ్చు. నాలుగో నియమం తెల్సా నీకు?"

అతనికి తెలియదు. అధికారి వైపు చూశాడు.

"సంరక్షకురాలి కాయితం లేందే లోపలికి ఎవులూ రాకూడదు. సంరక్షకురాలు ఎవులంటే నాను. అదిగో, గోడకి తగిలించినారు."

దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "తొమ్మిదో నియమము ప్రకారము సున్నము తప్పనిసరి. అది కూడా నియమమే కదా."

"నాను కాదన్నానేటి? తప్పకుండా ఏయించండి. కానీ బాబూ, లెక్కలో నాలుగు ముందొస్తాదా, తొమ్మిది ముందొస్తాదా?"

పాలు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. దక్షిణామూర్తి గారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లుగా ఆయన నియమాలు చెబితే భయపడ్డవాళ్లను చూశారు, విసుక్కున్నవాళ్లను చూశారు, చాటున నవ్వుకున్నవాళ్లనూ చూశారు. ఆ పుస్తకాన్ని నిజంగా నమ్మి మాట్లాడిన మనిషి ఆయనకు ఇప్పుడే తగిలింది.

"నాలుగు ముందు వచ్చును" అన్నారు మెల్లగా. సున్నం అతని వైపు తిరిగి, "దరఖాస్తు పెట్టుకొనుము. సంరక్షకురాలు మూడు పనిదినములలో నిర్ణయము తెలుపును" అన్నారు.

సంగమేశం అక్కడికక్కడే దరఖాస్తు రాసిచ్చాడు. సున్నం అతను వేలిముద్ర వేశాడు. పైడమ్మ ఆ కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

"ఇరవై ఆరో తారీకున సెప్తాను. టీ తాగెల్లు."

ఇరవై నాలుగున జాయింట్ డైరెక్టరు గారు వచ్చారు. సున్నం కొట్టిన ల్యాప్‌టాప్ తెరిచి లోపల అటూ ఇటూ చూశారు. ఒక్క ఫైలు లేదు, ఒక్క అక్షరం లేదు. ఎలకలు లేవు, చెదలు లేవు, బూజు లేదు, ఒక్క రికార్డు కూడా చెదిరి లేదు. ముప్పై ఏళ్లలో ఇంత పరిశుభ్రమైన రికార్డు గదిని చూడలేదని సందర్శకుల పుస్తకంలో రాసి, జిల్లా స్థాయి ఉత్తమ రికార్డు గది పురస్కారానికి సిఫారసు చేశారు. కిందికి దిగి బడ్డీలో టీ తాగారు. వెనక గోడ చూసి, "ఎవరో గోడంతా పాడుచేశారు" అన్నారు. రికార్డు గదియందు గోడల మీద రాయుట నిషేధమని నియమావళిలో లేదని దక్షిణామూర్తి గారు వినయంగా మనవి చేశారు.

ఇరవై అయిదున కాళ్ల నిపుణులు ఇద్దరు వచ్చి, గోడ చూసి సంగమేశం రాసిన జాబితా ఒకరు చదువుతుంటే ఇంకొకరు గోడ మీద వేలు పెట్టి సరిచూసుకున్నారు. నలభై రెండు పేర్లు, నూట ఇరవై ఆరు అంకెలు. ఒక్కటీ తేడా లేదు. జాబితా కింద సంగమేశం సంతకం పెట్టాడు. అతని సంతకం పక్కన సంరక్షకురాలు అన్న చోట పైడమ్మ వేలిముద్ర వేసింది. తన కాలికి తానే ధ్రువపత్రం ఇచ్చుకున్న మనిషి ఆ జిల్లాలో ఆమె ఒక్కతే.

శిబిరం మూడు రోజులు నడిచింది. ఆ మూడూ పనిదినాల లెక్కలోకి రావని దక్షిణామూర్తి గారు సున్నం దరఖాస్తు గడువు జరిపారు.

ఇరవై తొమ్మిది పొద్దున సంగమేశం తన బల్ల దగ్గర ఇసుక బకెట్ల మధ్య కూర్చుని ఉండగా మెట్ల మీద చప్పుడైంది. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టక్కుమని. అతను లెక్కపెట్టాడు. పదమూడో మెట్టు దగ్గర ఆగింది. లేచి వెళ్లి చెయ్యి అందించాలనిపించింది. వెళ్లలేదు. కాసేపటికి మళ్లీ మొదలైంది. పదిహేడు.

పైడమ్మ రెండు చేతులతో టీ పళ్లెం పట్టుకుని నేరుగా దక్షిణామూర్తి గారి గదిలోకి వెళ్లింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తారు. ముందు ఆమె మొహం చూశారు. తరవాత చేతులు చూశారు. చంకకర్ర లేదు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది.

"సంరక్షకురాలు రికార్డు గదిని విడిచి రావచ్చునా?"

పైడమ్మ టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. దాని పక్కన బడ్డీ తాళంచెవి పెట్టింది. రొంటిలోంచి సున్నం అతని దరఖాస్తు తీసి తాళంచెవి కింద ఉంచింది.

"తాళమేసొచ్చినాను బాబూ. ఇంక సున్నం ఏయించుకోండి. లోపల ఎవులూ లేరు. నలభై ఇద్దరూ నడుసుకుంటా ఎల్లిపోనారు."